దీపాల్లేని నావ కేసు

ఆష్‌బర్న్, వర్జీనియా
ఫిబ్రవరి 3, 2025

ఓలేటి లక్ష్మీపతి గారికి నమస్కారాలు.

నా పేరు జాహ్నవి. మాది విశాఖపట్నం. కాకినాడలో ఉన్న మీ మేనల్లుడు మీ అడ్రస్ ఇచ్చారు. వాట్సాప్ పెడితే మీరు చూడరని, ఉత్తరమైతేనే చదువుతారని చెప్పారు. అందుకే పదేళ్ల తర్వాత పెన్ను పట్టాను. చేతిరాత క్షమించండి.

ఇక్కడ మా డిపార్ట్‌మెంట్‌లో తెల్లదొరల కాలం నాటి రేవు కేసుల మీద మూడేళ్లుగా పరిశోధన చేస్తున్నాను. పొద్దు గుంకాక ప్రతి తెరచాప నావా ఎడమ పక్క ఎర్రదీపం, కుడి పక్క పచ్చదీపం వెలిగించాలని అప్పట్లో రూల్ ఉండేది. చీకట్లో పెద్ద ఓడలు చిన్న నావల్ని గుద్దకుండా పెట్టిన రూల్ అది. తప్పిన తండేళ్ల మీద, అంటే నావ నడిపే పెద్దల మీద, కేసులు పెట్టేవారు. ఆ ఫైళ్లు తిరగేస్తుంటే 1926లో కాకినాడ రేవులో మీ తాతగారైన సింహాద్రి తండేలు మీద పెట్టిన కేసు దొరికింది. దీపాలు లేకుండా నావ నడిపారని చార్జి. విచిత్రం ఏమిటంటే ఆ కేసు క్లోజ్ అయినట్టు ఎక్కడా లేదు. రికార్డు ప్రకారం ఇంకా పెండింగే.

దీని గురించి మీకు తెలిసిందంతా రాసి పంపగలరా?

ఇట్లు,
జాహ్నవి

తా.క.: ఈ కేసుకి సంబంధించి ప్రాణాలతో దొరికిన మనిషి మీరొక్కరే.


కమ్మింగ్, జార్జియా
ఫిబ్రవరి 11

మహారాజశ్రీ ఆఫీసరు జాహ్నవి గారి సముఖానికి, లక్ష్మీపతి వ్రాయు మనవి.

మీ ఉత్తరం అందింది. అందిన దగ్గర్నుంచీ ఒకచోట కూర్చోలేకపోతున్నాను. నిన్న మా కాలనీ చుట్టూ పదకొండు సార్లు తిరిగాను. ఒక అమెరికావాడు కారాపి దారి తప్పారా అని అడిగాడు. తాతగారి కేసు అన్నాను. వాడికి అర్థం కాలేదు గానీ జాలిపడ్డాడు.

అమ్మా, మా తాత పోయి అరవై నాలుగేళ్లయింది. నేను కాకినాడ రేవులోనే లాంచీ నడిపే సరంగుగా ముప్పై ఆరేళ్లు చేశాను. ఏనాడూ దీపం లేకుండా నీళ్లలోకి దిగలేదు. ప్రస్తుతం మా అమ్మాయి దేదీప్య దగ్గర ఉంటున్నాను. మా అల్లుడు నిశాంత్ పన్నెండేళ్లుగా హెచ్‌వన్ మీద ఉన్నాడు. వాళ్ల గ్రీన్‌కార్డు ఇంటర్వ్యూ మే నెలలో. ఆ ఫారాల్లో నేరాలు, కేసులు అని ఎన్ని ప్రశ్నలున్నాయో మీ డిపార్ట్‌మెంటుకి నేను చెప్పాలా.

నా వాంగ్మూలం ఇది. ఆ రోజు మా తాత నావలో రెండు దీపాలూ ఉన్నాయి. గాలికి ఆరిపోయాయి. మా ఇంట్లో ఎవర్నడిగినా ఇదే మాట చెబుతారు.

చిత్తగించవలెను.
ఓలేటి లక్ష్మీపతి

తా.క.: ఈ సంగతి మా అల్లుడికి తెలియదు. జవాబు రాస్తే కవరు మీద పిజ్జా కూపన్లు అని రాయండి.


ఆష్‌బర్న్
ఫిబ్రవరి 20

లక్ష్మీపతి అంకుల్‌కి నమస్తే.

మీ ఉత్తరం చదివి ఎంత సంతోషించానో చెప్పలేను. "ఆఫీసరు జాహ్నవి గారి సముఖానికి" అన్న వాక్యాన్ని నా రూమ్మేట్ మీనా ఫోటో తీసుకుంది. పాతకాలం మర్యాద ఇంకా మీలాంటి వాళ్ల దగ్గరే ఉంది. వాంగ్మూలం అని రాశారు చూడండి, ఆ మాట నాకు భలే నచ్చింది.

కానీ అంకుల్, గాలికి ఆరిపోయాయి అంటే నేను నమ్మను. అద్దాల లాంతర్లు కదా అవి. మీ తాతగారు కావాలనే ఆర్పేశారని నా వాదన. మన సముద్రంలో మన నావకి తెల్లవాడి దీపం ఏమిటి అనే పౌరుషంతో ఆర్పారు. ఇలాంటి కేసులు పద్నాలుగు దొరికాయి. అన్నిట్లోకీ బలమైనది మీదే. ప్రూవ్ చేయడానికి మీరు ఒక్క మాట రాసిస్తే చాలు.

ఏప్రిల్ 17న నా డిఫెన్స్. ఐదుగురి కమిటీ ముందు ఈ కేసంతా పెడతాను. మీరు స్వయంగా వస్తే ఇంకా బలం. దూరం కాబట్టి బలవంతం చేయను.

ఉంటాను.
జాహ్నవి

తా.క.: కవరు మీద పిజ్జా కూపన్లు అని రాశాను. ఎందుకో అర్థం కాలేదు. పిజ్జా అంటే మీకు అంత ఇష్టమా?


కమ్మింగ్
మార్చి 3

ఆఫీసరు గారికి,

మీ కవరును మా అల్లుడు కూపన్లు అనుకుని చెత్తలో పడేశాడు. రీసైక్లింగ్ బండి వచ్చేలోగా తీసుకున్నాను.

చదివాను. చనిపోయిన మనిషి కావాలనే నేరం చేశాడని సాటి తెలుగుపిల్ల అంటుందా. పైగా డిఫెన్స్ మీదంటారు. మీది డిఫెన్స్ అయితే నేరం మోపేది ఎవరు? ఈ దేశంలో ఒకే మనిషి రెండు పక్కలా వాదిస్తారా?

మా వాకింగ్ గ్రూపులో రాధాకృష్ణ గారని ఉన్నారు. నరసరావుపేట కోర్టులో గుమస్తాగా రిటైరయ్యారు. పేర్లు చెప్పకుండా ఆయన్ని సలహా అడిగాను. ఏదీ ఒప్పుకోవద్దు, తెలియదు అనే ఒక్క మాట మీద నిలబడు అన్నారు. కాబట్టి కిందటి ఉత్తరంలో నేను చెప్పినవి నేను చెప్పలేదు. ఆ నావ ఎవరిదో నాకు తెలియదు. సింహాద్రి తండేలు ఎవరో నాకు తెలియదు.

ఇట్లు,
ఓ. లక్ష్మీపతి

తా.క.: ఆ తండేలు చాలా మంచివాడు.


ఆష్‌బర్న్
మార్చి 12

అంకుల్,

మీ ఉత్తరం చూసి ఏడ్చాను. నిజంగా. మా ఇంటి వెనక డేటా సెంటర్ ఫ్యాన్లు ఇరవై నాలుగు గంటలూ గుంయ్‌మంటుంటాయి, ఆ చప్పుడుకే ఒకచోట కుదురుగా ఉండలేను. ఇప్పుడు మీరు ఇలా రాశారు.

నేను మిమ్మల్ని ఏమన్నానో తెలియడం లేదు. మీ తాతగారిని తక్కువ చేసి అనలేదు. నా దృష్టిలో ఆయన హీరో. మూడో చాప్టర్ మొత్తం ఆయన మీదే ఉంది. మీరు తెలియదంటే ఆ చాప్టర్ పోతుంది. చాప్టర్ పోతే మే నెలలో డిగ్రీ రాదు. డిగ్రీ రాకపోతే శాంటా క్లారా మ్యూజియంలో ఆగస్టు నుంచి ఇస్తామన్న ఉద్యోగం పోతుంది. ఉద్యోగం పోతే నా వీసా ఏమవుతుందో మీకు తెలుసు.

ఇది బెదిరింపు కాదు. నా పరిస్థితి.

జాహ్నవి

తా.క.: ఇంకొకటి. ప్రతిసారీ ఆఫీసరు అని రాస్తున్నారు. నేను స్టూడెంట్‌ని అంకుల్. డిఫెన్స్ అంటే నా థీసిస్ గురించి ప్రొఫెసర్లు ప్రశ్నలు అడిగే రోజు. ఇది మీకు తెలిసే ఉంటుంది, ఎందుకైనా మంచిదని రాస్తున్నాను.


ఆష్‌బర్న్
ఏప్రిల్ 19

లక్ష్మీపతి అంకుల్‌కి,

జవాబు రాయకుండా మనిషే వచ్చేశారు. ఇస్త్రీ చొక్కాలో మీరు, పక్కన దేదీప్య గారు చివరి వరసలో కూర్చుని కనబడేసరికి మొదటి మూడు స్లైడ్లు ఏం చెప్పానో గుర్తులేదు.

మీరు వెంటనే బయల్దేరి వెళ్లిపోయారు, ఇంగ్లీషులో ఏం జరిగిందో మాట్లాడుకునే వీల్లేకపోయింది కాబట్టి మొదటి నుంచీ రాస్తున్నాను.

చార్జి కాగితం తెర మీద పెట్టి, ఆయన పౌరుషంతోనే దీపాలు ఆర్పారని చెబుతున్నాను. మీరు లేచారు. "అమ్మా, ఆ తారీఖు ఇంకోసారి చూపించు" అన్నారు. స్లైడ్ వెనక్కి తిప్పాను. 1926 నవంబరు 9, సాయంత్రం ఆరుంబావు. కాసేపు చూశారు. తర్వాత తెలుగులో మొదలుపెట్టారు. కమిటీ చైర్ నన్ను ట్రాన్స్‌లేట్ చేయమన్నారు.

మీ నాయనమ్మ నిండు చూలాలని, పుట్టింటికి తాళ్లరేవు తీసుకెళ్తుంటే నావలోనే నొప్పులొచ్చాయని చెప్పారు. సరుకుల నావలో ఆడమనిషిని ఎక్కించడం ఇంకో నేరమని, అందుకే తాతగారు గాలికి ఆరిపోయాయని అందరిచేతా చెప్పించారని అన్నారు. దీపాలు ఆరలేదు, ఎవరూ ఆర్పలేదు, కాన్పు కోసం రెండిటినీ లోపలికి దింపారు. పుట్టిన బిడ్డ ఒక పక్క ఎర్రగా, ఒక పక్క పచ్చగా కనబడితే నాయనమ్మ హడలిపోయిందని చెప్పి మీరు నవ్వారు.

నేను నోరు తెరిచి ఆగాను. కమిటీలోని ఐదుగురిలో ఒక్కరికీ తెలుగు రాదు. "పౌరుషంతో ఆర్పేశారట" అని ఒక్క ముక్క ఇంగ్లీషులో అంటే నా మూడేళ్లూ నిలబడతాయి. ఆ మాట నాలుక చివర దాకా వచ్చింది. మీరు మాత్రం నా వైపు నమ్మకంగా చూస్తున్నారు. మీరు చెప్పింది చెప్పినట్టే చెప్పాను. నా వాదనను నా నోటితోనే ముంచుకున్నాను.

అందరికంటే కఠినమైన ప్రొఫెసర్ కళ్లజోడు తీసి, మిగతా పదమూడు నావల్లో ఏం జరిగిందో ఎప్పుడైనా అడిగావా అన్నారు. అడగలేదు. పౌరుషం అని నేనే రాసేసుకున్నాను.

పాసయ్యాను అంకుల్. జూన్‌లోగా మూడో చాప్టర్ తిరగరాయాలి, ఆగస్టు ఉద్యోగానికి డిగ్రీ అందుతుంది. నాలుగు వాక్యాలు రాశాను, మూడు కొట్టేశాను. మిగిలింది మీదే.

మీ
జాహ్నవి

తా.క.: ఒక్కటి మాత్రం తేలలేదు. అంత కథ దాచుకున్న మనిషి తారీఖు చూడగానే ఎందుకు చెప్పేశారు?


కమ్మింగ్
ఏప్రిల్ 27

చిరంజీవి జాహ్నవికి లక్ష్మీపతి తాత ఆశీర్వచనాలు.

ఆఫీసరు కాదని నువ్వు రాశాక భయం పోయి సిగ్గు మొదలైంది. అమ్మాయికి ఉత్తరాలన్నీ చూపించాను. కారులో మొదటి రెండు గంటలు తిట్టింది, మిగతా ఎనిమిది గంటలూ నవ్వింది.

నిజం చెబుతున్నాను, నీ దగ్గరికి వచ్చింది గాలి కథ చెప్పడానికే. మా తాతకి మాటిచ్చిన కథ అది. నీ పని జరిగితే చాలని, పౌరుషం అని కూడా ఒక ముక్క కలుపుదామనుకున్నాను. తెర మీద ఆ కాగితం చూశాక నోరు నా మాట వినలేదు.

మా నాన్నకి పుట్టినరోజు లేదమ్మా. నావలో కాన్పు సంగతి దాచాలి కాబట్టి తారీఖూ దాచేశారు. బళ్లో వేసేటప్పుడు మాస్టారు అడిగితే మా నాయనమ్మ నూకరత్నం చలికాలం అంది. ఆయన జూలై ఒకటి అని రాసుకున్నాడు. జాతకం లేదు, పెళ్లికి ముహూర్తం కూడా పేరుబలం మీద పెట్టారు. డెబ్భై రెండేళ్లు బతికాడు. పోయే ముందు ఆసుపత్రి కుర్రాడు డేట్ ఆఫ్ బర్త్ అడిగితే, "మా అమ్మకి తెలుసు, ఆమె చెప్పలేదు" అన్నాడు.

అలాంటిది, తొంభై తొమ్మిదేళ్ల కింద ఎవడో తెల్లదొర రేవు నీళ్ల మీద గడియారం చూసి నిమిషాలతో సహా రాసిపెట్టాడు. దీపాల్లేవని వాడు రాసుకున్న గడియలోనే మా నాన్న లోపల కళ్లు తెరిచాడు. అదంతా వాడికి తెలియదు. మంచి చేతిరాత. ఒక్క కొట్టివేత లేదు.

చాప్టర్ బాగా రాయి. తొందరపడి ఎవరికీ పౌరుషం అంటగట్టకు.

ఇట్లు, నీ శ్రేయస్సు కోరే
లక్ష్మీపతి

తా.క.: ఆ చార్జి కాగితం కాపీ ఒకటి పంపించు తల్లీ. మా అందరి బర్త్ సర్టిఫికెట్లూ దేదీప్య ఒక ఫైల్లో పెట్టింది. నాన్నది ముందర పెడతాను.