ఏడో పెంకు

తమ్ముడూ,

ఇది అందగానే చేతిలో పని వదిలి బయలుదేరు. మా వసారా కప్పులో చూరు నుంచి నాలుగో వరుస, ఎడమ నుంచి ఏడో పెంకు జారింది. మీ బావ తానే ఎక్కి సర్దుతానంటున్నారు. పోయిన వారం తల పైకెత్తగానే కళ్లు తిరిగి గోడ పట్టుకున్నారు. అది నీకు తెలియనట్టే ఉండు.

నిచ్చెన నీ దగ్గరుందని ధైర్యంగా ఉన్నాను. పొద్దున చూస్తే చూరు కింద బల్ల, దాని మీద స్టూలు! స్టూలు లాగేసి బల్ల మీద నేనే కూర్చున్నాను.

"దిగవే, మళ్లీ వానొచ్చేస్తుంది."

"రానివ్వండి, గిన్నె పెడతాను."

"ముప్పై ఏళ్లుగా ఎక్కుతున్నానే నేను!"

"అందుకే ఇక చాలు."

నిచ్చెన, పొడవాటి చెక్క, తాడు తీసుకురా. పెంకులు ఆరాకే ఎక్కు. బరువు పెంకుల మీద పడకుండా చెక్క అడ్డంగా వేసుకో. "నిచ్చెన నువ్వు పట్టుకుంటేనే ఎక్కుతాను బావా" అను. ఆయన పరువూ దక్కుతుంది, కాళ్లూ నేల మీదే ఉంటాయి.

ఈ ఉత్తరం పక్కింటి వదిన తెస్తుంది. సరుకుల చిట్టా రాస్తున్నాననుకుని, ఆయన ఎదురుగా కుర్చీ వేసుకుని నేనెప్పుడు దిగుతానా అని చూస్తున్నారు. దిగాల్సొస్తుందని మంచినీళ్లు కూడా తాగడం లేదు. త్వరగా రా.

అక్క