పేరు రాయని చీటీ

ప్రొద్దుటూరు,
బుధవారం.

ప్రియమైన చెల్లెలు రిబ్కాకు,

ప్రభువు పేరిట నీకూ, మరిది రత్నానికీ, కెజియాకూ వందనాలు. దేవుని దయవల్ల ఇక్కడ మీ బావకూ నాకూ ఒంట్లో బాగానే ఉంది. పులివెందులలో మీరూ అలాగే ఉన్నారని తలుస్తాను. క్షేమం రాయకుండా జాబు మొదలుపెట్టకూడదని అమ్మ నేర్పింది కాబట్టి రాశాను. ఈ జాబులో దీని తర్వాత మంచి మాట మరొకటి లేదు.

నీ జాబు సోమవారం అందింది. అడిగినవాటికి వరసగా జవాబు రాస్తున్నాను. మోకాళ్లకు డాక్టరు మాత్రలు మార్చాడు. మెట్లు ఎక్కవద్దన్నాడు, మన చర్చికేమో పదకొండు మెట్లు. అమ్మ కుట్టుమిషను నా దగ్గరే ఉంది, బెల్టు మార్పించాను. కెజియాకు కావాలంటే పంపుతాను. పెండ్లిమర్రి సంబంధం గురించి అడిగావు. వాళ్లు మంచివాళ్లే. కానీ పోయిన నెల కెజియా ఫోన్‌లో నాతో ఒక మాట అంది. నీకు చెప్పలేదు. "పెద్దమ్మా, నా పేరు మీద ఇంక ప్రార్థన చేయించొద్దు. చేయించినప్పుడల్లా నాకు ఏదో ఒకటి అయితాంది" అంది. నవ్వుతూనే అంది. నాకు నవ్వు రాలేదు.

ఇక నువ్వు ఆఖరున అడిగింది. మీ ఆడబిడ్డ మార్తమ్మ వదినకు జబ్బు ముదిరిందట, పోయి చూడాలా వద్దా నువ్వే చెప్పక్కా అన్నావు. "నేనే చెప్పినా అని ఆమె ఒక్కసారి ఒప్పుకుంటే చాలు, నేనే పోతా" అని కూడా రాశావు. దానికి జవాబు రాయాలంటే, పోయిన శుక్రవారం నేను జమ్మలమడుగు పోయి వచ్చిన సంగతి ముందు చెప్పాలి.

ఆస్పత్రివాళ్లు ఆమెను ఇంటికి పంపేశారు. కాలేయం చెడిపోయిందట. పొట్ట మాత్రం ఉబ్బి, తక్కిన మనిషి మంచానికి అంటుకుపోయి ఉంది. పక్కింటి గుల్జార్‌బీ చెంచాతో జావ పోస్తూ ఉంది. నన్ను చూసి లేవలేదు.

"ప్రొద్దుటూరు అక్కవా? మీవాళ్లంతా ఈమె కోసం ప్రార్థన చేస్తాండారని పాస్టరయ్య వచ్చినప్పుడల్లా చెప్తాడు. శానా సంతోషం. ప్రార్థన చేసేటోళ్లు ఇంతమంది ఉండారే, బస్సెక్కేటోళ్లు ఒక్కరూ లేరే అనుకుంటాంటి."

వదిన కళ్లు తెరవకుండానే, "ఊరుకోవే గుల్జారూ. ఆడోళ్లకు ఫ్రీ చేసినప్పటినుంచి బస్సుల్లో జాగా యాడుండాది?" అంది. అంత బాధలోనూ ఆమెకు హాస్యం పోలేదు. తర్వాత నావైపు తిరిగి ఒకటే అడిగింది.

"రిబ్కా వస్తాదా?"

నేను ఆమె దుప్పటి సర్దాను.

కెజియాకు ఫిట్స్ ఉన్నాయని, మాత్రలు వాడుతోందని నువ్వు ఇద్దరికే చెప్పావు. నాకూ, మార్తమ్మ వదినకూ. మూడేళ్ల కింద మైదుకూరు సంబంధం కుదిరినప్పుడు, ప్రధానానికి ముందు అబ్బాయికి తానే చెప్పుకుంటానని కెజియా అంది. ఆ మాట చెప్పే లోపలే మైదుకూరు వాళ్లకు తెలిసిపోయింది, సంబంధం వద్దన్నారు. తన కొడుక్కి పిల్లనివ్వలేదన్న కచ్చతో వదినే చెప్పిందని అందరం అనుకున్నామని రాయబోయి కొట్టేశాను. అందరూ అనుకున్నారు. నేను అనుకోలేదు, ఎందుకంటే నాకు తెలుసు.

ఆ ఏడు మే నెలలో గురువారం స్త్రీల కూడికకు నేను ప్రార్థన మనవి చీటీ ఒకటి రాసి ఇచ్చాను. నా పుస్తకంలో దాని నకలు ఉంది, ఉన్నదున్నట్టు రాస్తున్నాను. "పులివెందులలో మా చెల్లెలి కూతురు, వయసు ఇరవై రెండు. పదకొండో ఏటినుంచి ఫిట్స్. జూన్‌లో ప్రధానం. ఆ జబ్బు అడ్డు రాకుండా ప్రార్థించగలరు." పేరు రాయలేదు. పేరు రాయకపోతే గుట్టు దాచినట్టే అనుకున్నాను. వయసూ, ఊరూ, జబ్బూ మాత్రం దేవునికి పొరపాటు లేకుండా తెలియాలని విడివిడిగా రాశాను. నాకున్నది ఒక్క చెల్లెలని, నీకున్నది ఒక్క కూతురని మన సంఘంలో తెలియనిదెవరికి? పాస్టరమ్మ పైకి చదివింది. ఇరవై మంది ఆమెన్ అన్నారు. వాళ్లలో ఒకామె మైదుకూరులో ఉన్న పిన్నికి ఫోన్ చేసింది. తర్వాత నాతో తానే చెప్పింది. "తప్పుగా ఏం చెప్పలేదక్కా. మీరు గూడా ప్రార్థన చేయండి పిన్నీ అనే చెప్పినా" అంది. నేను చేసిందీ అదే కదా.

ఫోన్ చేసినామె నాతో ఆ మాట చెప్పింది శనివారం. సోమవారం మీ ఇంట్లో పంచాయితీ. బైబిల్ మీద చెయ్యి పెట్టి చెప్పమని మరిది తన అక్కను అడిగాడు. లోపలి గదిలోకి పోయి బైబిల్ తెచ్చింది నేను. నీకు గుర్తుండే ఉంటుంది. "ఒట్టు పెట్టుకోవద్దని దీంట్లోనే ఉండాది. దీనిమీదే ఒట్టు పెట్టమంటే ఎట్లప్పా?" అంది వదిన. మాటకు లొంగనిది ఒట్టుకు భయపడిందన్నారు. తప్పు చేసింది కాబట్టే చెయ్యి పెట్టలేదన్నారు. వాక్యానికి లోబడిన మనిషి దొంగ అయింది. బైబిల్ పట్టుకుని నిలబడిన నేను అక్కనై మిగిలాను.

ఇప్పుడు నీ ప్రశ్నకు జవాబు. ఆమె ఒప్పుకోదు రిబ్కా. ఒప్పుకోవడానికి ఆమె ఏమీ చేయలేదు.

ఆ తర్వాత ప్రతి గురువారం "రిబ్కా ఇంట్లో శాంతి సమాధానం" అని పుస్తకంలో రాసి ప్రార్థించాను. మూడేళ్ల తేదీలూ ఉన్నాయి, ఒక్క వారం తప్పలేదు. అర్పణ అక్కడే వదిలి ముందు పోయి సహోదరునితో సమాధానపడమన్న వాక్యం సండేస్కూలు పిల్లలకు కంఠతా నేర్పింది కూడా నేనే. దేవుడు నా ప్రార్థన వినలేదని నేను అనలేను. ఆయన జవాబు నా నోట్లోనే పెట్టాడు. నేను నోరు తెరవలేదు.

గుల్జార్‌బీ గిన్నె కడగడానికి పోయినప్పుడు వదినకు ఇదంతా చెప్పాను. ఆమె కళ్లు తెరిచి నావైపు చూసింది.

"బైబిల్ పట్టుకొచ్చినప్పుడు నీకు తెలుసునా?"

"తెలుసు వదినా."

"ఇప్పుడు నాకు చెప్తే ఏమొస్తాది ప్రమీలమ్మా? నేను చెప్పలేదని నాకు తెలీదా?"

ప్రార్థన చేసి పోతానన్నాను. "వద్దు. నీ నోటితో వద్దు" అని గోడవైపు తిరిగింది.

ఇంత తొందర సంగతి ఫోన్‌లో చెప్పవచ్చు కదా అంటావు. శుక్రవారం నుంచి నాలుగుసార్లు చేశాను. నువ్వు "చెప్పక్కా" అంటావు, నేను మోకాళ్ల సంగతి చెప్పి పెట్టేస్తాను. అందుకే రేపు పనిమీద పులివెందుల వస్తున్న మీ బావ చేతికి ఈ జాబు ఇస్తున్నాను. ఆయనకు ఏమీ తెలియదు, ఆయన్ను ఏమీ అనవద్దు. రేపటి కూడికలో లేచి అందరిముందు ఒప్పుకుందామనుకున్నాను. ఒప్పుకుంటే అది మళ్లీ కెజియా జబ్బు గురించిన మాటే అవుతుంది. నా తప్పును దించుకోవడానికి కూడా ఆ బిడ్డనే మోయమనాలి. అందుకని పోవడం లేదు.

క్షమించమని నిన్ను అడగడం లేదు. అడిగితే విశ్వాసివి కాబట్టి క్షమించాననాలి. ఆ బరువు నీమీద పెట్టను. పోయిన సంబంధం రాదు. మరిదికి అక్కతో పోయిన మూడేళ్లు రావు. ఆమెకు ఇక రోజులే అన్నారు. నువ్వు చేరేసరికి మాట ఉంటుందో లేదో తెలియదు.

అయినా శుక్రవారం పొద్దున ముద్దనూరు మీదుగా పోయే జమ్మలమడుగు బస్సు ఎక్కు. మరిది రానంటే నువ్వొక్కదానివే పో. మెత్తటి పాత నూలు చీర ఒకటి తీసుకుపో, వీపంతా పుండ్లు పడింది. పండ్లు వద్దు, మింగలేదు. జావలో ఉప్పు వేయకూడదు. ఎడమ చెవి వినపడదు, కుడివైపు కూర్చొని చెప్పు.

నేను అక్కడ ఉండను.

ఇట్లు,
నీ తోడబుట్టినది,
ప్రమీలమ్మ