అడ్డంగా వేసిన కొమ్మలు

బాబాయ్,

కొండదారిని బాగుచేసే మా కుర్రాళ్ళం అడ్డంగా వేసిన కొమ్మలను తీయించింది మీరే. అవి చెత్త కాదు. నేల విరిగిన చోట దారిని మేము అలాగే మూస్తాం. కొమ్మలు తీశామంటే బాగుచేశామని అర్థం. వారం వారం మాతో పొదలు నరికిన మీ మామగారికి ఈ సంగతి బాగా తెలుసు. అధికారులతో మీరు దిగే ఫోటోకి అవి అడ్డమయ్యాయి. మర్నాడు పొద్దున ఆయన కొమ్మలు లేవు కదా అని ధైర్యంగా నడిచి లోయలో పడ్డారు. ఇక ఆయన నడవలేరు.

ఆస్పత్రిలో నా చెయ్యి పట్టుకుని, "బాగుచెయ్యకుండానే కొమ్మలు తీసేశావేమిరా?" అన్నారు. మీరు పక్కనే కమలాపండు ఒలుస్తూ, "కుర్రకుంకలు మామయ్యా, వీళ్ళకి పనిమీద ధ్యాసెక్కడిది?" అన్నారు. అప్పుడు నోరు మెదపనందుకు నా మీద నాకే అసహ్యం వేస్తోంది.

ప్రజల దారిని ప్రజలే కాపాడుకోవాలని కరపత్రాల్లో చదివాను. కాపాడుకోవాల్సింది మీలాంటి పెద్దమనుషుల నుంచి అని మాత్రం ఎవరూ రాయలేదు.

ఆదివారం సాయంత్రం నాలుగింటికి మేమందరం ఆయన మంచం దగ్గర చేరుతున్నాం. పిన్నినీ రమ్మన్నాను, ఎందుకో చెప్పలేదు. వాళ్ళ నాన్నకి మీ నోటితోనే చెప్పండి. నోరు పెగలకపోతే ఆ ఫోటో నా జేబులో ఉంటుంది. అందులో కొమ్మల్లేని దారి ముందు మీరు చక్కగా నవ్వుతున్నారు.

నాలుగంటే నాలుగే, బాబాయ్.