పన్నెండో ఈగ

లుబ్లియానా,
1997 ఏప్రిల్ 4, శుక్రవారం

నాన్నా,

ముందుగా నీ బుగ్గ మీద ఒక ముద్దు. ఇది చదివాక నువ్వు తుడిచేసుకున్నా సరే, నేను పెట్టినట్టే.

ఈ ఉత్తరం నీకు సోమవారం పొద్దున అందుతుంది. పంతొమ్మిదేళ్ళుగా పోస్టాఫీసులో ముద్రలు కొడుతున్నదాన్ని, శుక్రవారం సాయంత్రం ఇక్కడ డబ్బాలో వేసింది మన ఊరు గ్రాహోవోకి ఎప్పుడు చేరుతుందో నాకు తెలియదా? శనివారం జరగాల్సింది జరిగిపోయాకే నువ్వు దీన్ని తెరవాలి. అందుకే నిన్న వెయ్యకుండా ఇవాళ వేస్తున్నాను.

శనివారం ఏం జరిగి ఉంటుందో ఇక్కడ కూర్చునే చెప్పగలను. చేపలు పట్టే సీజను మొదటి రోజు. అందరూ రబ్బరు బూట్లు తొడుక్కుని బాచా నది వంతెన మీద వరసగా నిలబడ్డారు. నది కాపలాదారువి కదా, నువ్వు నీ తెల్ల రుమాలు తీశావు. అమ్మ ఉన్నప్పుడు ఇస్త్రీ చేసి పెట్టేది, ఇప్పుడెవరు చేస్తున్నారో. ఒక్కొక్కరి గాలాన్నీ రుమాల్లోంచి లాగి చూశావు. పట్టిన చేపని గాయపడకుండా వదలాలని మొన వెనక ఉండే ఎదురుముల్లుని నొక్కేసి ఉంటే గాలం బట్టలోంచి నున్నగా వచ్చేస్తుంది, ముల్లు ఉంటే బట్ట పట్టుకుంటుంది. నీ అల్లుడి వంతు వచ్చింది. బట్ట పట్టుకుంది. అందరి ముందూ నీ చేతులతోనే అతని లైసెన్సు చించావు. ష్టెఫ్కా హోటలు గోడ మీద, లైసెన్సు ఉన్నవాళ్ళ పేర్ల పలక నుంచి అతని పేరు చెరిపించావు. బతికున్నన్నాళ్ళూ అతను ఇక ఆ నదిలో గాలం వెయ్యకూడదు. కూతురి మొగుడని నువ్వు చూసి ఉండవు. మిల్లు స్టాంకో ఒక్క ముల్లుకే దొరికిపోయి, ఏడుస్తూ నీ కాళ్ళావేళ్ళా పడ్డప్పుడే చూడలేదు.

అది నేను చేశాను నాన్నా. సిల్వోకి ఏ పాపమూ తెలియదు.

చేపలు నిజం ఈగలనుకుని మింగేలా గాలానికి ఈకలు చుట్టి చేసే ఈగలు, అతను వాడేవన్నీ నేను కట్టేవేనని నీకు తెలుసు. నది మీద మాత్రం వాటిని ‘సిల్వో ఈగలు’ అంటారట. ఇటలీ నుంచి వచ్చేవాళ్ళకి కూడా దోసిళ్ళతో పంచుతాడు. అత్త సొమ్ము అల్లుడు దానం చెయ్యడం విన్నాను గాని, మా ఇంట్లో పెళ్ళాం సొమ్ము. పది రోజుల కిందట వంటింట్లోకి వచ్చి నిలబడ్డాడు.

“మిలోయ్కా, ఈసారి పన్నెండు కావాలి. ఎప్పటిలాంటివి కాదు. నువ్వు ఇంతవరకూ కట్టినవాటన్నిటికన్నా బాగుండాలి.”

“ఏం, చేపలు పెళ్ళికి వెళ్తున్నాయా?”

“వెళ్తున్నాయనుకో. నువ్వూ రా పెళ్ళికి.”

“నాకు తలనొప్పి.”

“శనివారానికి ఇంకా పది రోజులుంది. ఇప్పుడే ఎలా తెలిసింది?”

“పదిహేడేళ్ళుగా ప్రతి శనివారం వస్తోందిగా. ఇప్పుడది ఇంటి మనిషైపోయింది.”

తర్వాత కూడా రెండుసార్లు రమ్మని అడిగాడు. రానన్నాను. ఈగలు మాత్రం కట్టాను. నువ్వు పంపే బాతు తోక మొదట్లో ఉండే మెత్తటి ఈకలు, కుందేలు చెవి మీది వెంట్రుకలు, గోధుమరంగు పట్టుదారం. నేను కట్టినవాటిలో అవే మేలైనవి, ఆ మాట నీకు అబద్ధం చెప్పను. చివర్న పట్టకారుతో ముల్లు నొక్కాలి కదా, ఆ ఒక్క పని చెయ్యలేదు. పన్నెండింటికీ చెయ్యలేదు. ముల్లు పైకి కనపడకుండా ఒక వెంట్రుక వంచి కప్పాను. సిల్వో నా పనిని ఎప్పుడూ పరీక్షగా చూడడు. దగ్గరి చూపు ఆనదు, నామీద నమ్మకం ఎక్కువ.

ఎందుకు చేశావని అడుగుతావు. అడగవేమో కూడా. నువ్వు నన్ను ఏదైనా అడిగి ఎన్నాళ్ళైంది?

ఆరో ఏట నన్ను భుజాన ఎక్కించుకుని నది దాటించావు. తొమ్మిదో ఏట తాత చేసిన వెదురు గాలపు కర్ర నా చేతికిచ్చావు. పొద మీదుగా దారం విసిరి అవతలి నీడలో ఈగని వాల్చితే, “నా చేపపిల్ల” అని అందరికీ చూపించావు. పద్నాలుగో ఏట మిల్లు కింద, నా మోచెయ్యంత పాలరాతి మచ్చల ట్రౌట్ చేపని పట్టాను. నువ్వు ఎవరో పట్నం మనిషికి గాలం విసరడం నేర్పుతున్నావు. “నాన్నా, చూడు” అని అరిచాను. నువ్వు తల తిప్పకుండా “వదిలెయ్” అన్నావు. వదిలేశాను. ఆ మర్నాటి నుంచి నన్ను చేపపిల్లా అని పిలవలేదు. కర్ర మళ్ళీ నా చేతికివ్వలేదు. నేను పెద్దదాన్నవుతున్నానని, ఆడపిల్లనని, నదిలో దిగితే నలుగురూ నవ్వుతారని అనుకుని ఉంటావు. నువ్వు చెప్పలేదు, నేనే ఊహించుకున్నాను.

పెళ్ళిలో ఆ కర్ర తెచ్చి సిల్వో చేతుల్లో పెట్టావు. “ఇది సరైన చేతుల్లో ఉండాలి” అన్నావు. నేను పక్కనే ఉన్నాను నాన్నా, తెల్లగౌనులో. అప్పటికి సిల్వో దారం విసిరితే గాలం తన టోపీకే తగులుకునేది.

పదిహేడేళ్ళుగా శుక్రవారం రొట్టె, సాసేజి కట్టి ఇస్తాను. ఆదివారం తడి మేజోళ్ళు ఉతుకుతాను. అన్నీ వదిలేస్తారు గనక ఒక్క చేపా ఇంటికి రాదు. పక్కింటి లుద్మిల మెట్ల మీద కనపడితే, “మీ ఆయన పట్టే చేపలకి జుట్టు పొడుగా, పొట్టిగా?” అంటుంది. ఆడదైతే బాగుండేదనుకున్నాను. జుట్టు పట్టుకుని ఈడ్చేదాన్ని. నదిని ఏం పట్టుకుని ఈడ్చను? అందులోనూ అది నా నది. సిల్వో ఇంటికొచ్చి “మీ నాన్న ఇవాళ ఎంత నవ్వాడో” అని చెప్తుంటే, చారు గిన్నె అతని నెత్తిన కుమ్మరించాలనిపించేది. నాకు నువ్వు ఏడాదికి మూడు వాక్యాలు రాస్తావు, అందులో ఒకటి వాన గురించి.

ఇప్పుడు అతనికి నది లేదు, నీకు అల్లుడు లేడు. ఇద్దరూ శనివారాలు ఇంట్లో కూర్చుని చూడండి, ఎలా ఉంటుందో. నిజం అతనికి చెప్తే నన్ను వదిలేస్తాడు. చెప్తావో లేదో నీ ఇష్టం. నాకు పశ్చాత్తాపం లేదు.

నీ కూతురు,
మిలోయ్కా


గ్రాహోవో,
ఏప్రిల్ 6, ఆదివారం

నా చేపపిల్లా,

ఈ ఒక్క మాట రాసి, చాలాసేపు దాన్నే చూస్తూ కూర్చున్నాను. రాయడం మరిచిపోలేదు, సంతోషం.

రేపు పొద్దున రైలుకి నీ దగ్గరికి వస్తున్నాను. నోటితో చెప్పడం నాకు రాదు, అందుకని రాసి తెస్తున్నాను. నువ్వు చదువుతూ ఉంటే నేను నీ వంటింట్లో కాఫీ కాచుకుంటాను.

జనవరిలో సిల్వో ఒక్కడే వచ్చాడు. తాత కర్ర తెచ్చి నా బల్ల మీద పెట్టాడు.

“మామయ్యా, ఇది నా దగ్గర ఉండకూడదు. మీ అమ్మాయి కట్టిన ఈగలు, మీ అమ్మాయికి రావాల్సిన కర్ర. పదిహేడేళ్ళు పట్టుకు తిరిగాను. సిగ్గుగా ఉంది. మీ చేత్తో మీరే తనకి ఇవ్వండి.”

“ఇవ్వకపోవడానికి ఒక కారణముంది” అన్నాను. ఎవరికీ చెప్పనిది అతనికి చెప్పాను. నీ పద్నాలుగో ఏట, నువ్వు వదిలేశానన్న ఆ చేప మర్నాడు మిల్లు అడ్డుకట్ట దగ్గర తేలింది. నోట్లో నీ గాలం అలాగే ఉంది, రాయితో కొట్టిన దెబ్బకి ఒక కన్ను చితికి ఉంది. నేను తల తిప్పి చూడలేదని దాన్ని చంపి నీళ్ళలోకి తోశావు. ఆ రోజు నుంచి నీ చేతిని చూస్తే నాకు భయం వేసేది. అదీ సంగతి, నువ్వు ఆడపిల్లవని కాదు.

సిల్వో అంతా విని, “పద్నాలుగేళ్ళ పిల్లకి ఇరవై ఏడేళ్ళు శిక్ష వేశారా మామయ్యా? మీకన్నా కోర్టు నయం” అన్నాడు. ముందు నాకు కోపం వచ్చింది. తర్వాత అతను చెప్పింది నిజమని తోచింది. తప్పు నాది. నేను ఆ రోజు తల తిప్పి ఉండాల్సింది.

నిన్నటితో నా కాపలా పని ముగిసింది. ముప్పై రెండేళ్ళకి కాపలాదారు బిళ్ళ దించుతున్నానని, సీజను మొదటి విసురు నాకిచ్చారు. నీకు చెప్పొద్దని సిల్వోతో నేనే అన్నాను. నువ్వు వస్తే వంతెన మీద కర్ర నీ చేతిలో పెట్టి, ఆ విసురు నీచేత వేయిద్దామనుకున్నాం. పన్నెండు ఈగలూ అందుకే కట్టించాడు. నువ్వు రాలేదు. సరే, ఈగలైనా నీవి కదా అని ఒకటి కట్టుకున్నాను.

రుమాలు కొత్త కాపలాదారు ఉరోష్‌కి ఇచ్చి, ముందు నన్నే చూడమన్నాను. అందరూ నవ్వారు. “చిరిల్ గాలానికి ముల్లుంటే నా హోటలు నదిలో కలిపేస్తాను” అంది ష్టెఫ్కా. బట్ట పట్టుకుంది. “మడత పడ్డట్టుంది మామా, మళ్ళీ చూస్తాను” అన్నాడు ఉరోష్. ఈసారి ఇంకా లోతుగా దిగింది. వాడు నా మొహం చూశాడు.

“ఏం చెయ్యాలో నీకు నేర్పింది నేనే కదరా. చెయ్యి.”

నా లైసెన్సు చించాడు. బిళ్ళ కూడా తీసుకున్నాడు. సిల్వో నోరు తెరవబోతే అతని బూటు తొక్కాను. “నేనే కట్టాను. కళ్ళు ఆనడం లేదు” అన్నాను. స్టాంకో దగ్గరికొచ్చాడు. నవ్వలేదు, మెల్లగానే అన్నాడు. “నేనూ అప్పుడు అదే చెప్పాను చిరిల్.”

నువ్వు దీని గురించి బాధపడకు. పన్నెండు కట్టేటప్పుడు ఒకటి నొక్కడం మరిచిపోవడం ఎవరికైనా జరుగుతుంది. సిల్వో ఇందాక బయల్దేరుతూ మిగతా ఈగలున్న డబ్బీ నాకిచ్చి, “దీన్ని తెరవకండి మామయ్యా” అన్నాడు. నా మనసు మళ్ళీ పాడవుతుందని కాబోలు. నిన్న గాలం వెయ్యలేదు గనక తన లైసెన్సు అలాగే ఉంది, అయినా ఇక నదికి రానంటున్నాడు. ఎందుకో అర్థం కాలేదు, మెల్లగా నచ్చజెప్తాను. కర్రని గుడ్డసంచిలో పెట్టి తలుపు పక్కన నిలబెట్టాను, పొద్దున మరిచిపోకుండా.

సోమవారం

పోస్టుమాన్ తొమ్మిదింటికి వచ్చాడు. అప్పటికి కోటు తొడుక్కున్నాను.

నీ ఉత్తరం చదివాను. తర్వాత డబ్బీ తెరిచి మిగతా పదకొండూ చూశాను. వెంట్రుక చక్కగా వంచావు. అంత నాజూకు పని నావల్ల కాదు.

నిన్న రాసింది చించేసి మళ్ళీ మొదలుపెడదామనుకున్నాను. చించలేదు. ఏం పోగొట్టుకున్నావో నీకు తెలియాలి. నువ్వు ఆ ఉత్తరం రాయకపోతే, ఒక్కరోజు ఆలస్యంగా రాసినా, ఈ సాయంత్రం కర్ర నీ చేతిలో ఉండేది. చచ్చేదాకా నువ్వు ముల్లు నొక్కడం మరిచిపోయావనే అనుకునేవాణ్ణి.

ఆ చేపని వదిలేశానని మళ్ళీ రాశావు. నలభై ఒకటో ఏట కూడా అదే అబద్ధం.

నేను రావడం లేదు. కర్ర ఉరోష్‌కి ఇచ్చేశాను. వద్దు మామా అన్నాడు, చేతిలో పెట్టి వచ్చేశాను. వంతెన మీద జరిగిన దాని గురించి ఎవరికీ ఏమీ చెప్పను. నేనే కట్టానని ఒకసారి అన్నాను, అదే మాట మీద ఉంటాను. సిల్వోకి నేను చెప్పాల్సిన పని లేదు. డబ్బీ ఎందుకు తెరవొద్దన్నాడో ఇవాళ తెలిసింది. నిన్న ఇంటికొచ్చి నీ చేతి చారు తాగి, ఏమీ అనకుండా పడుకుని ఉంటాడు. ఇక ముందు కూడా అనడు, అతని సంగతి నాకు తెలుసు. ప్రతి శనివారం నీ ఎదురుగా ఇంట్లోనే కూర్చుంటాడు. నువ్వు కోరుకున్నది అదే కదా.

పదకొండు ఈగలు పొట్లం కట్టి దీనితో పంపుతున్నాను. పన్నెండోది, ఉరోష్ తిరిగిచ్చిన రుమాల్లోనే ఉండిపోయింది. లాగితే బట్ట చిరుగుతోంది. దాని అంచు మీ అమ్మ కుట్టింది, అందుకని అలాగే ఉంచాను.

చిరిల్ కోఫోల్