పాత మానిటర్ పక్కన నాన్న

ప్రియమైన అక్కకి,

ఫోన్‌లో చెబుదామంటే అమ్మ పక్కనే ఉంటోంది, అందుకే రాస్తున్నాను. ఆసుపత్రిలో నాన్న నిలకడగానే ఉన్నారు. భయమంతా నాది.

నా పని నీకు తెలుసుగా. కంప్యూటర్‌ని లోపల నుంచి నడిపే కెర్నెల్ అనే ప్రోగ్రాంలో, స్క్రీన్ మీద బొమ్మ వేయించే భాగం మాది. ఆ బొమ్మ వెళ్లే పాత దారిని తీసేసి కొత్తది పెడుతున్నాం. కొత్తది వేగం, శుభ్రం. అందరం సంబరపడ్డాం. మొన్న ఒక పాత యంత్రం మీద పరీక్షిస్తే స్క్రీన్ నల్లబడలేదక్కా, చివరి బొమ్మ దగ్గర అలాగే నిలిచిపోయింది. కొత్త దారి మాత్రం బొమ్మలన్నీ పంపించేశాననే అనుకుంటోంది. ఏ హెచ్చరికా లేదు.

సాయంత్రం ఆసుపత్రికి వెళ్లాను. నాన్న మంచం పక్కనున్న మానిటర్ సరిగ్గా ఆ రకందే. అందులోకి వెళ్లేదీ మా కెర్నెలే. రేపు కొత్తది ఎక్కించాక నాన్న గుండె తడబడినా, పాత అంకె మాత్రం చక్కగా కనిపిస్తూనే ఉంటుంది.

మా ఆఫీసు పెద్దాయనతో చెప్పాను. పాత యంత్రాలు ఇంకా ఎవరు వాడుతున్నారని తీసిపారేశాడు. రెండు దార్లూ ఉంచుదామన్నాను.

"రెండూ ఒకే స్క్రీన్ కోసం కొట్టుకుంటే జవాబు ఎవరు చెబుతారు?"

"నేను చెబుతాను."

అనేశాను గానీ, అప్పటి నుంచీ ముద్ద దిగడం లేదు. అమ్మతో అనకు.

నీ చెల్లి

*

అక్కా,

నువ్వన్నట్టే మానిటర్లు మార్చమని ఆసుపత్రి వాళ్లని అడిగాను. ఇప్పట్లో కుదరదన్నారు.

దాంతో రెండు దార్లూ ఉంచాను. కొత్తది స్క్రీన్‌ని ముట్టుకునే ముందు ఆ యంత్రం తనకి తెలిసినదేనా అని చూసుకుంటుంది. కాకపోతే పక్కకి తప్పుకుంటుంది, పనంతా పాతదే చేస్తుంది. పరీక్షలన్నీ నెగ్గాక పెద్దాయన సరేనన్నాడు.

ఈ ఉదయం టెక్నీషియన్ వచ్చి నాన్న మానిటర్లో కొత్త కెర్నెల్ ఎక్కించి, తీగలు మళ్లీ తగిలించాడు. స్క్రీన్ మీద గుండె గీత కదిలింది. నాకు నమ్మబుద్ధి కాలేదు. నాన్న మణికట్టు పట్టుకుని, నాడి కొట్టినప్పుడల్లా స్క్రీన్ కేసి చూస్తూ కూర్చున్నాను. టెక్నీషియన్ వెళ్లిపోయాడు, నర్సు వచ్చి వెళ్లింది, నేను కదల్లేదు. మధ్యలో అంకె మారకుండా నిలబడింది. మణికట్టు ఇంకా గట్టిగా నొక్కి పట్టాను. మళ్లీ మారింది.

నాన్న నా వైపు తల తిప్పారు. "చెయ్యి నొప్పెడుతోందే. వచ్చిన దగ్గర్నుంచీ చూస్తున్నాను, నా మొహం ఒక్కసారైనా చూడలేదు నువ్వు."

చూశానక్కా. గడ్డం మాసిపోయింది. పెదవులు ఎండి పగిలాయి. నాకంటే ఆయనే ఎక్కువ భయపడి ఉన్నారు. కుర్చీ ఇటు తిప్పుకుని చెంచాతో నీళ్లు పట్టాను. నా వెనక గీత కదులుతోందో లేదో అప్పుడు చూడలేదు.

చెల్లి