జోగే ఏ గట్టు పిల్లో తేల్చడానికి మంగి రాయించిన కాగితం

బస్తరు సంస్థానం, కోంటా తహసీలులో గొల్లపల్లికి చేరువనున్న ఎర్రమడుగు కాపురస్తురాలిని, చనిపోయిన హుంగా భార్యను, దొర్ల కులస్తురాలిని అయిన మంగి అనే నేను, ఎవరి బలవంతమూ లేకుండా నా ఇష్టపూర్తిగా రాయించిన వీలునామా ఇది. రాస్తున్న సీతారాములు మా ఊళ్ళో చదువు వచ్చిన రైతు. నేను చెప్పినదాన్ని కాగితం భాషలోకి మారుస్తున్నాడు. ఎక్కడ మార్చాడో అక్కడ ఆగి నాకు చదివి వినిపిస్తున్నాడు.

నా బుద్ధి స్థిరంగా ఉందని ముందే రాయాలట. అది నిజమో కాదో నాకే తెలియడం లేదు. నిన్న పొయ్యి మీద గంజి పెట్టి, పెట్టిన సంగతే మరిచి, మాడువాసన వస్తే పక్కింటివాళ్ళను తిట్టాను. కాళ్ళ వాపు కడుపుదాకా వచ్చింది. కొన్ని పొద్దులు హుంగా బతికే ఉన్నాడనుకుని రెండు ఆకులు వేస్తున్నాను. అయితే ఎవరు నావాళ్ళో, ఎవరు కారో ఇంకా గుర్తుంది. అంత గుర్తుంటే స్థిరమని రాయవచ్చని సీతారాములు అన్నాడు. రాయమన్నాను.

మాలో కాగితాలు రాసుకునే అలవాటు లేదు. నా మరిది మాడ నేను కన్ను మూయగానే తహసీలుకు పోతాడని తెలిసి ఈ పని పెట్టుకున్నాను. అక్కడ నా నోటిమాట ఉండదు. ఉన్నా, తహసీలులో నోటిమాట ఏమవుతుందో నాకు ఇదివరకే తెలిసింది.

1. నేను పోయాక ఊరి ఆనవాయితీ ప్రకారమే సాగనంపాలి. మా వాళ్ళలో పోయినవాళ్ళ పేరిట రాయి నిలబెడతారు. హుంగా రాయి పక్కన నాకు చోటిస్తే సరే. ఇవ్వకపోతే ఎవరూ గొడవ పడవద్దు. నా తమ్ముడు గంగా తన ఊళ్ళో పాతిస్తాడు. మాడ పెళ్ళాం ఏడుస్తానంటే ఆపకండి. బతికున్నవాళ్ళను ఎంత సాధించినా పోయినవాళ్ళకు ఆమె బాగా ఏడుస్తుంది, అది ఒప్పుకోవాలి.

2. చేను గట్టున ఉన్న నా ఇప్పచెట్టును, దాని పూలూ కాయలూ ఏరుకునే హక్కుతో సహా, పక్కింటి తెలుగు కాపులావిడ బుల్లమ్మకు ఇస్తున్నాను. ఆ చెట్టు నా పుట్టింటివాళ్ళు నాకిచ్చినది. ఎందుకిస్తున్నానో ఆరో అంకంలో ఉంది. చెట్టు పుచ్చుకుంటున్నది కాబట్టి ఆమె సాక్షి వేలిముద్ర వేయకూడదని సీతారాములు చెప్పాడు. బుల్లమ్మకు కోపం వచ్చింది. చెట్టు వద్దు, సాక్షిగానే ఉంటానంది. చెట్టే తీసుకోమని నేను పట్టుబట్టాను.

3. వాగు ఒడ్డున హుంగా అడవి కొట్టి చదును చేసిన మడిని, హుంగా కూతురు, నాకున్న ఒక్కగానొక్క బిడ్డ అయిన జోగే సర్వహక్కులతో అనుభవించవలసినది. ఇందుకు ఎవరూ ఆక్షేపణ చెప్పరాదు.

4. మాడకు ఇంటి వెనక జీలుగు చెట్టు ఇస్తున్నాను. మంచి కల్లు ఇస్తుంది. పొద్దున్నే తాగి మడి సంగతి మరిచిపోతే అందరికీ సుఖం.

5. మూడో అంకం రాయించాక నాకు మనసు నిలవలేదు. ఎందుకో చెప్పాలి. మాలో ప్రతి మనిషికీ ఒక గట్టు ఉంటుంది. ఒకే గట్టు వాళ్ళు ఒకే వేల్పును కొలుస్తారు, అన్నదమ్ముల కింద లెక్క. వాళ్ళలో వాళ్ళకు పెళ్ళిళ్ళు లేవు. బిడ్డకు తండ్రి గట్టే వస్తుంది. హుంగాది మూడో గట్టు. నా పుట్టింటివాళ్ళది ఐదో గట్టు.

ఇప్పుడు జోగే కిష్టారం వైపు కుర్రాడు సుక్కాను చేసుకుంటానంటోంది. బుద్ధిమంతుడే. తేనె తీయడంలో అతని చేయి పెట్టింది పేరు. నాకు వైద్యం చేయించాలని మందూ మంత్రమూ తెలిసిన వడ్డెను తీసుకొచ్చాడు. కాని అతనిదీ మూడో గట్టే. జోగే హుంగా కూతురైతే సుక్కా అన్న అవుతాడు, పెళ్ళి మాట ఎత్తకూడదు. కాకపోతే పెళ్ళి చేయవచ్చు, మడి మాత్రం రాదు. మాడ రెండు వైపులా తానే నిలబడ్డాడు. మడి దగ్గర అది మా అన్న బిడ్డ కాదంటాడు. పెళ్ళి దగ్గర అది మా గట్టు పిల్లే, ఎట్లా ఇస్తామంటాడు. ఒకే మనిషి ఒకే పూటలో ఈ రెండూ అన్నాడు, రెండుసార్లూ అతని మొహంలో మార్పు లేదు. చేయకపోతే పిల్లలిద్దరూ లేచిపోతారు. అప్పుడు కులం వాళ్ళను వెలివేస్తుంది, రేపు వాళ్ళ బిడ్డల పురుడుకు ఒక్క మనిషి రాడు. నాకు ఉన్న భయమంతా ఇదే.

మా ఊరి పెద్ద హిడ్మా వచ్చి, నేను పోయేలోగా రెండిట్లో ఒకటి చెప్పమన్నాడు. జోగే హుంగాకు పుట్టిందా, లేదా.

6. జోగే పుట్టడానికి ముందటి ఏడాది, దొరల మకాముకు సామాను మోయడానికి హుంగాను వెట్టికి పిలిచారు. అంతకు ముందు మోసిన బరువుకు భుజం పుండు పడి ఉంది. మోయలేక శబరి ఏరు దాటి పారిపోయాడు. సిపాయిలు అతని బదులు నన్ను ఠాణాకు తీసుకుపోయారు. నీ మగడు వచ్చేదాకా ఇక్కడే పడి ఉండు అన్నారు. ఆ ఠాణా పేరు రాస్తే తనను పిలిపిస్తారని సీతారాములు భయపడుతున్నాడు. పిల్లలు గలవాడు, రాయవద్దన్నాను. ఈ చుట్టుపక్కల అందరికీ తెలుసు.

అక్కడ జమాదారు, అతని సిపాయిలు నన్ను చెరిచారు. ఒక్కరు కాదు. సీతారాములు ఈ మాట దగ్గర కలం ఆపి, వేరే మాట వేయమంటావా అని అడిగాడు. ఉన్నదే వేయమన్నాను. వాళ్ళ పేర్లు నాకు తెలియవు. జమాదారు రోజూ తులసమ్మకు నీళ్ళు పోసి దండం పెట్టేవాడు, ఆ తరవాతే నా వైపు వచ్చేవాడు. అది నాకు ఇప్పటికీ అర్థం కాదు. ఇన్నేళ్ళు ఆలోచించాను, అర్థం కాలేదు.

హుంగాకు కబురు అంది, తనంతట తాను వచ్చి లొంగిపోయాడు. అతన్ని కొట్టి, నన్ను వదిలారు. నడిచి ఇంటికి వచ్చాను. దారిలో చూసినవాళ్ళు చూపు తిప్పుకున్నారు. బుల్లమ్మ ఒక్కతే ఎదురొచ్చింది. ఏమీ అడగలేదు. "లే, నీళ్ళు కాగినయ్" అంది. ఒళ్ళు రుద్ది, తన చీర కట్టి, తన ఇంట్లో పడుకోబెట్టింది. ఇప్పచెట్టు అందుకే.

తరవాత కులపెద్దలు కూర్చున్నారు. నాకేం జరిగిందని ఒక్కరూ అడగలేదు. వేరే కులం చేతి కూడు తింటే మాలో కులం పోతుంది, వాళ్ళకు అదే పట్టింది. "ఠాణాల కూడు తిన్నవా లేదా, అది చెప్పు" అన్నారు. తిన్నాను. ఆకలేసింది. పందిని కోసి ఊరందరికీ పెట్టాక కులంలో కలుపుకున్నారు. ఆ విందులో నేనూ తిన్నాను, రుచిగానే ఉంది. ఏడవాలో తినాలో తెలియక తిన్నాను.

ఠాణా నుంచి వచ్చాక హుంగా ఊరుకోలేదు. దెబ్బలు మానకముందే నన్ను తహసీలుకు తీసుకుపోయాడు. అక్కడ దొరవారికి హిందీ తప్ప రాదు. గుమాస్తా భూషణం నా మాటను హిందీలో చెప్పాలి. నేను జరిగింది జరిగినట్టు చెప్పాను. అతను తల వంచుకుని, ఠాణాలో ఈమెకు ఒంట్లో బాగాలేదట అని చెప్పాడు. నాకూ ఆ మాత్రం హిందీ తెలుసు. దొరవారు మందు ఇప్పించమన్నారు. మందు ఇచ్చారు కూడా. చేదుగా ఉంది.

జోగే కడుపులో పడిందని తెలిశాక హుంగా పెద్దల ముందు వేల్పు మీద చేయి వేసి, "ఇది నా బిడ్డ. ఇంకెవ్వరు ఏందని అడగొద్దు" అన్నాడు. చచ్చేదాకా ఆ మాట మీదే ఉన్నాడు. జోగేను భుజాన వేసుకుని కోంటా సంతదాకా నడిచేవాడు. నాతో మాత్రం ఆ సంగతి ఎన్నడూ ఎత్తలేదు. నన్ను కాపాడాడు. అదే మాట ఇప్పుడు పిల్ల పెళ్ళికి అడ్డం పడుతుందని అప్పుడు మాకు తట్టలేదు.

7. భూషణం ఇంకా బతికే ఉన్నాడట. మా పెరట్లో కాకరపాదు కాసినన్నాళ్ళూ అతనికి గంపెడు కాకరకాయలు పంపండి. అతని మీద కోపం ఉందా లేదా అంటే చెప్పలేను. కొలువు పోతుందని భయపడి ఉంటాడు. అయినా కాయలు పంపండి. జమాదారుకు ఇచ్చేది ఏమీ లేదు. చచ్చాడో బతికాడో తెలియదు. చచ్చి ఉంటే బాగుండునని ఉంది.

8. ఇక హిడ్మా పెద్ద అడిగినదానికి జవాబు. హుంగా పారిపోక ముందు మేమిద్దరం కలిసే కాపురం చేశాం. తరవాత ఠాణా. జోగే నవ్వితే హుంగా నవ్వినట్టే ఉంటుంది. అలిగి కూర్చుంటే ఎవరో తెలియని మనిషిలా ఉంటుంది, నాకు ఒళ్ళు జలదరిస్తుంది. వెంటనే సిగ్గేసి దగ్గరికి తీసుకుంటాను. ఒకసారి ఇప్పపూలు ఏరుతుంటే, "అవ్వా, నేనెవరి బిడ్డను" అని అడిగింది. నా బిడ్డవని చెప్పి, గంప తెమ్మని ఇంటికి పంపేశాను. గంప నా పక్కనే ఉంది.

హుంగా బిడ్డేనని చెబితే సుక్కా పోతాడు. కాదని చెబితే వేల్పు మీద వేసిన హుంగా చేయి అబద్ధమవుతుంది. కొన్ని రోజులు ఒకటి అనుకున్నాను, కొన్ని రోజులు ఇంకొకటి. చివరికి హిడ్మా పెద్దను పిలిపించి నాకు తెలియదని చెప్పాను. "తల్లి తెలవదంటే బిడ్డది మేనమామ గట్టే. అయితే ఎందుకు తెలవదో కూడ పదిమందిల చెప్పాలె" అన్నాడు ఆయన. నా నోట ఆ మాట రాదనుకున్నట్టున్నాడు.

కాబట్టి మూడో అంకం రద్దు చేయడమైనది. మడి మాడకే పోనివ్వండి. జీలుగు చెట్టు మాత్రం జోగేకు మార్చండి, రెండూ ఇవ్వడానికి నాకు మనసొప్పడం లేదు.

జోగే తండ్రి ఎవరో నాకు తెలియదు. ఎందుకు తెలియదో ఆరో అంకంలో రాయించాను. అందులో నా తప్పు ఏదీ లేదు. జోగేను నా తమ్ముడు గంగా తన ఐదో గట్టులో కలుపుకొని, తన చేతుల మీదుగా సుక్కాకు ఇచ్చి పెళ్ళి చేయవలసినది. గంగా ఒప్పుకున్నాడు. హుంగా మాట అబద్ధమని నేను అనడం లేదు, నిజమనీ అనలేకపోతున్నాను. హుంగా, నా మీద కోపగించుకోకు.

9. నా వెండి కడియాలు, ఇత్తడి బిందె, గుడ్లు పెట్టే నల్లకోడి జోగేవి. కోడి పొదిగేటప్పుడు దగ్గరికి పోతే పొడుస్తుంది, జాగ్రత్త. నువ్వు అలిగి కూర్చున్నప్పుడు ఎవరైనా పలకరిస్తే కసురుకోకు బిడ్డా.

10. ఈ కాగితాన్ని పెద్దల ముందు మొదటి నుంచి చివరిదాకా చదవాలి. ఆరో అంకం వదిలేసి చదివితే ఇది చెల్లదు. ఆడవాళ్ళు కూడా కూర్చుని వినాలి.

ఇది నా సమ్మతిని రాయించినది. 1939వ సంవత్సరం మార్చి నెల, ఇప్పపూలు రాలుతున్న రోజులు, ఎర్రమడుగు.

మంగి, ఎడమచేతి బొటనవేలి ముద్ర.

వ్రాతగాడు: సీతారాములు, సంతకం.

సాక్షులు:

ఉప్పలయ్య, రైతు, సంతకం.

హిడ్మా, ఊరి పెద్ద. ఆరో అంకం మళ్ళీ చదివించుకుని విన్నాక వేలిముద్ర.

సారలమ్మ, హిడ్మా పెద్ద భార్య. ఇద్దరు సాక్షులు చాలని చెప్పినా లేచి వచ్చింది. తనను కూడా పెళ్ళయిన కొత్తలో ఆ ఠాణాకే తీసుకుపోయారని, ఇన్నేళ్ళూ మగడికి సైతం చెప్పలేదని, అదీ రాయమని అడిగి, రాసేదాకా నిలబడి వేలిముద్ర వేసింది.