వీపు మీది పూలు

ఖమ్మం, 8-8-84

అన్న పూల్‌సింగ్‌కు చెల్లెలు సోమ్లి రాసేది. ఆపరేషన్ అయ్యాక నాయనమ్మ కన్ను బాగానే కనిపిస్తోంది. నిన్నటినుంచి అన్నం మాత్రం ముట్టడం లేదు. భయపడకు, జ్వరం కాదు.

నిన్న దవాఖానా నుంచి వస్తూ కాలేజీలో పెట్టిన ఫొటోలు చూపించాను. జపాన్‌లో అణుబాంబు పడ్డ హిరోషిమావి. ఒకామె వీపంతా పూలు చూసి నాయనమ్మ మురిసిపోయింది. "గింత సక్కగ పచ్చబొట్టు ఎవరు పొడిచిండ్రు?" అని అడిగింది.

"పచ్చబొట్టు కాదవ్వా, ఆమె కట్టుకున్న బట్ట మీది పూలు. బాంబు వేడికి నల్లగున్న కాడల్లా ఒళ్లు మాడింది, తెల్లగున్న కాడ మిగిలింది" అన్నాడు అక్కడి పంతులు.

నాయనమ్మ తల మీది గుడ్డ లాగి తన చేతుల మీది పచ్చబొట్లు కప్పుకుంది. "సచ్చినంక గూడ మన ఎంట వచ్చేది గిదే గద బిడ్డా. గామెను అడగకుండనే పొడిచిండ్రా?" అంది.

నాట్లు పడ్డాయా? ఎర్రావు ఈనిందా? నీ బిడ్డ చాందికి పచ్చబొట్టు పొడిపించడం నేను వచ్చేదాకా ఆపండి. అమ్మకు, వదినకు దండాలు.

మరిచాను, రాఖీకి నాకు కొంటానన్న నల్ల రవికగుడ్డ వద్దు. నవ్వకు అన్నా, తెల్లది కొను.

సోమ్లి